అబద్ధానికి నాటకమని పేరు పెట్టకండి

శాసనసభలో ఎదుటి పక్షం మీద విరుచుకుపడే సభ్యుడి నోట మొదట వచ్చే మాట ‘డ్రామా’. టీవీ చర్చలో గొంతు పెంచినవాడిది ‘ఓవరాక్షన్’. బడికి పోనని మొరాయించే పిల్లవాడితో తల్లి అనేది ‘నాటకాలాడకు’. అప్పు తీర్చకుండా తిప్పుకునేవాడివి ‘వేషాలు’. అడిగినదానికి జవాబు చెప్పకుండా సాగదీసేవాడివి ‘హరికథలు’, ‘బుర్రకథలు’. గొప్పలకు పోయేవాడు ‘తుపాకీ రాముడు’, పూటకో మాట మార్చేవాడు ‘పగటివేషగాడు’, నలుగురిలో కన్నీళ్ళు పెట్టుకున్న ఆడమనిషి ‘మహానటి’. మనసులో లేనిది పైకి చూపేవాణ్ణి తిట్టాల్సి వచ్చినప్పుడల్లా తెలుగువాళ్ళం రంగస్థలం మీది మాటలే తెచ్చుకుంటున్నాం.

ఈ వాడుక వెనక గట్టి నమ్మకం ఒకటి ఉంది. నటించడమంటే లేనిది ఉన్నట్టు చూపడం, కాబట్టి నటన కూడా అబద్ధంలో ఒక రకమే అన్నది ఆ నమ్మకం. చదువుకున్నవాళ్ళు, చదువు లేనివాళ్ళు, చివరికి నాటకమంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా దీన్ని ఆలోచించకుండా ఒప్పేసుకున్నారు. నేను ఒప్పుకోను. మోసగాణ్ణి పట్టుకుని ‘నటిస్తున్నాడు’ అనడం తప్పు. అది ముగ్గురికి ఒకేసారి అన్యాయం చేసే తప్పు. అందరి ముందూ చెప్పి వేషం కట్టే కళాకారుడికి అది నింద. నిజంగా బాధలో ఉన్న మనిషికి నోరు నొక్కడం. నిజంగా మోసం చేసినవాడికి తప్పించుకునే దారి. ఈ మూడూ ఒక్కొక్కటే చెబుతాను.

ముందు కళాకారుడి సంగతి. మోసానికి ఒక లక్షణం ఉంది: తాను చేస్తున్నది మోసమని ఎదుటివాడికి తెలియకూడదు. తెలిసిన క్షణాన అది పారదు. నటన నడిచే తీరు దీనికి సరిగ్గా ఎదురు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఎలా వస్తుందో చూడండి. ఇద్దరు మనుషులు చెరో పక్కా తెర పట్టుకుని నిలబడతారు. ఆ తెర మీదుగా ముందు జడ బయటికి వస్తుంది. నాకు సాటి వచ్చేవాళ్ళుంటే రండి అని సభకు విసిరే సవాలు అది. ఆ తర్వాత ప్రవేశ దరువు. తానెవరో, ఎవరి ఇల్లాలో, తన గొప్పేమిటో తానే పాడి, ఆడి చెప్పుకుంటుంది. ఆ తర్వాతే కథ. పాత పద్ధతి ప్రదర్శనలో ఆ సత్యభామ వేషంలో ఉన్నది మగవాడని ముందు వరసలో కూర్చున్న పసిపిల్లలకు కూడా తెలుసు. ఎన్నో తరాల పాటు కూచిపూడి కుటుంబాల మగవాళ్ళే ఆ వేషం కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగానో ఉషగానో రంగం మీద నిలబడితే ఆయన మగవాడన్న సంగతి జనం మరిచిపోయేవారు. మరిచిపోవడం వేరు, మోసపోవడం వేరు. మరిచిపోయినవాడు ఆట ముగిశాక చప్పట్లు కొడతాడు. మోసపోయినవాడు కేసు పెడతాడు.

పౌరాణిక నాటకాలు ఆడే పల్లెలో రాత్రి రెండు గంటలకు కాటిసీను మొదలవుతుంది. హరిశ్చంద్రుడు జాషువా పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని కేకలు. నటుడు శ్మశానంలోని దుఃఖాన్ని అక్కడే ఆపి, మళ్ళీ మొదటి పాదం నుంచి అందుకుంటాడు. జనం మళ్ళీ కళ్ళు తుడుచుకుంటారు. తాము చూస్తున్నది నాటకమని తెలియనివాళ్ళెవరైనా ‘వన్స్‌మోర్’ అంటారా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబంతో మొదలైన సురభి నాటకాల్లోనూ ఇదే తీరు. మాయాబజారులో మనుషులు గాలిలో ఎగురుతుంటే పైన తీగ ఉందని అందరికీ తెలుసు. తెలిసే ఆశ్చర్యపోతారు. చూసేవాళ్ళకూ చూపేవాళ్ళకూ మధ్య ఒప్పందం ఉంది. మోసంలో లేనిది ఆ ఒప్పందమే.

పగటివేషాల వాళ్ళ సంగతైతే మరీ స్పష్టం. జట్టు ఊళ్ళోకి వచ్చి రోజుకో వేషం కడుతుంది. ఒకరోజు అర్ధనారీశ్వరుడు. మొహంలో సగం శివుడు, సగం పార్వతి. మధ్యలో అడ్డంగా పట్టుకున్న గుడ్డ అటు జరిగితే అయ్యవారు, ఇటు జరిగితే అమ్మవారు. మరోరోజు సోమయాజులు, సోమిదేవి. ఊళ్ళో ఆచారం పేరిట జరిగే డాంబికాలన్నీ ఆ వేషంలో కనిపిస్తాయి. ఆఖరి రోజు ఇల్లిల్లూ తిరిగి, ఇన్నాళ్ళూ ఆడింది మేమేనని చెప్పి సంభావన అడుగుతారు. మోసగాడు పని కాగానే ఊరు వదిలి పారిపోతాడు. పగటివేషగాడు పని అయ్యాక గుమ్మంలోకి వచ్చి తన పేరు చెప్పుకుని నిలబడతాడు. ఆ మనిషి పేరు మాట తప్పేవాడికి ఎలా పెట్టాం?

తుపాకీ రాముడి మాటేమిటి? తెలంగాణ పల్లెల్లో లత్కోర్ సాబ్ అని, ఇంకొన్ని చోట్ల పిట్టలదొర అని పిలిచే వేషం అది. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజం మీద కట్టె తుపాకీ. లేని జాగీరు గురించి, తినని విందుల గురించి, కొట్టని పులుల గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. తుపాకీ చెక్కదని అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. తన చేతిలో చెక్క తుపాకీ ఉందని చూపిస్తూ దొర డాబు మాట్లాడేవాడు అబద్ధాలకోరు ఎలా అవుతాడు? అతడు చూపిస్తున్నది నిజమైన దొరలు చెప్పిన నిజమైన అబద్ధాలను. నవ్వుతున్న రైతుకు తాను ఎవరిని చూసి నవ్వుతున్నాడో బాగా తెలుసు. ఆ దొర పోయాడు. ఆ దొరను వేళాకోళం చేసిన పేదవాడి పేరు మాత్రం తిట్టుగా మిగిలింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నటుడు ప్రేక్షకుణ్ణి మోసం చేయకపోవచ్చు, కానీ తనలో లేని భావాన్ని ఉన్నట్టు చూపుతున్నాడు కదా, నిజాయితీ లేకపోవడమంటే అదే కదా అని. ఇది బలమైన వాదనగా కనిపిస్తుంది. కానీ నటన గురించి తెలియనివాళ్ళు చేసే వాదన. నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఇందులో చివరిది అన్నింటికన్నా కష్టం. కన్నీరు, చెమట, వణుకు, గగుర్పాటు, గొంతు బొంగురుపోవడం, మొహం రంగు మారడం, నిశ్చేష్టత, మూర్ఛ అని ఎనిమిది సాత్త్విక భావాలు. ఇవి మనసు ఏకాగ్రమైతేనే పుడతాయని భరతుడు అన్నాడు. పరధ్యానంగా ఉన్నవాడికి రోమాంచం రాదు. అంటే నటుడు భావం లేకుండా చూపేవాడు కాడు. తన సొంతది కాని బాధను ఏకాగ్రతతో తనలో పుట్టించుకునేవాడు. ఎవరిదో దుఃఖం తన ఒంటికి పట్టించుకోవడం నిజాయితీ లేని పని అయితే, పక్కింటి కష్టానికి కన్నీళ్ళు పెట్టుకోవడం కూడా నిజాయితీ లేని పనే అవ్వాలి.

స్థానం నరసింహారావును గుర్తు తెచ్చుకోండి. సత్యభామ, చింతామణి, మధురవాణి, రోషనార. ఒక్కో పాత్రకు ఒక్కో నడక, ఒక్కో చీరకట్టు. తన చుట్టూ ఉన్న స్త్రీలు ఎలా నిలబడతారో, ఎలా కొంగు సర్దుకుంటారో, కోపం వస్తే తల ఎటు తిప్పుతారో ఏళ్ళ తరబడి గమనించి నేర్చుకున్న మనిషి. ఒక మగవాడు ఆడవాళ్ళను అంత శ్రద్ధగా, అంత గౌరవంతో చూడటం ఆ రోజుల్లో ఇంకే వృత్తిలో జరిగింది? నిజాయితీ లేనివాడు ఎదుటి మనిషిని చూడడు. తనకు పనికొచ్చేదేదో అదే చూస్తాడు. నటుడికి ఆ అవకాశం లేదు. ఎదుటి మనిషిని ఉన్నది ఉన్నట్టు చూడకపోతే అతని వేషం నిలబడదు.

మరి ఈ నింద ఎక్కడ పుట్టింది? ఇది ఈనాటిది కాదు, మన ఒక్కరిదీ కాదు. ప్రాచీన గ్రీకులో రంగస్థల నటుడికి వాడిన మాటే కాలక్రమంలో కపటికి పేరయ్యింది. క్రీస్తుపూర్వం 330లో ఏథెన్స్‌లో డెమాస్తనీస్ అనే వక్త తన ప్రత్యర్థి ఎస్కినీస్‌ను ఖండిస్తూ, అతడు ఒకప్పుడు నాటకాల్లో వేషాలు కట్టినవాడన్న సంగతిని పదేపదే ఎత్తిపొడిచాడు. మన దగ్గర మనుధర్మశాస్త్రం నాలుగో అధ్యాయంలో ఎవరెవరి అన్నం ముట్టకూడదో జాబితా ఉంది. అందులో ఒకే శ్లోకంలో కొండేలు చెప్పేవాడు, అబద్ధాలాడేవాడు, నటుడు, బట్టలు కుట్టేవాడు, చేసిన మేలు మరిచేవాడు ఉన్నారు. అబద్ధాలకోరుతో పాటే నటుణ్ణీ, నటుడి పక్కనే దర్జీనీ పెట్టిన ఆ వరస చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ నటుడి తప్పు అబద్ధం కాదు, చేతి విద్య మీద బతకడం. నాట్యశాస్త్రం చివరి అధ్యాయాల్లో కథ ఒకటి ఉంది. భరతుడి కొడుకులు మునులను అనుకరించి హాస్యమాడారట. మునులకు కోపం వచ్చి, మీ వంశం శూద్రత్వం పొందుతుందని శపించారట. పెద్దలను ఎగతాళి చేసినందుకు కళాకారుడికి పడిన శిక్ష కులంలో కింది మెట్టు.

తెలుగు నేల మీద ఆడిపాడినవాళ్ళ కులాలు చూస్తే ఆ శాపం ఎలా అమలయ్యిందో కనిపిస్తుంది. చిందు భాగవతం ఆడే చిందువాళ్ళు, కథలు చెప్పే బుడగజంగాలు, గడ ఎక్కి విద్యలు చూపే దొమ్మరులు, ఊరూరా తిరిగే పగటివేషగాళ్ళు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టంతో బ్రిటిషు ప్రభుత్వం సంచార జాతులెన్నింటినో పుట్టుకతో నేరస్థులని ముద్ర వేసింది. ఊళ్ళో ఇల్లు లేనివాడి మాటకు విలువ లేదన్న ఆలోచన అప్పటికే మనలో ఉంది. ‘వేషగాడు’ అన్న తిట్టు ఆ ఆలోచనకు పుట్టింది. బుర్రకథకు షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చాం. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చాం. ఇచ్చిన మరునాడే ‘బుర్రకథలు చెప్పకు’ అన్నాం. ఒక విద్యకు బిరుదు ఇచ్చి, ఆ విద్య పేరునే తిట్టుగా వాడటం ఇచ్చిన బిరుదును వెనక్కి లాక్కోవడమే.

ఇంతకీ తెలుగు నాటకం చేసిన పని ఏమిటి? 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఆడించిన ‘వ్యవహార ధర్మబోధిని’ని తెలుగులో ప్రదర్శనకెక్కిన తొలి నాటకంగా చెబుతారు. ‘ప్లీడరు నాటకం’ అని దానికి ఇంకో పేరు. కోర్టుల్లో వకీళ్ళు, కక్షిదారులు ఆడే అబద్ధాలే దాని వస్తువు. తెలుగు నాటకం తెర తీస్తూనే చేసిన మొదటి పని అబద్ధాన్ని పట్టి చూపించడం. పన్నెండేళ్ళకు, 1892లో, విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’ ఆడారు. అందులో గిరీశాన్ని మించిన కపటి తెలుగు సాహిత్యంలో ఇంతవరకు పుట్టలేదు. విధవా వివాహం మీద ఉపన్యాసాలిస్తాడు, పూటకూళ్ళమ్మ డబ్బు ఎగ్గొడతాడు, శిష్యుడికి ఇంగ్లీషు ముక్కలు నూరిపోస్తూ ఆ ఇంట్లోనే అతని వితంతువైన అక్క బుచ్చమ్మకు వల వేస్తాడు. అతడు ఏ వేషమూ కట్టడు. తన బట్టల్లోనే, తన పేరుతోనే, తన గొంతుతోనే అందరినీ నమ్మిస్తాడు.

వేషం కట్టేవాళ్ళు ఆ నాటకంలో వేరే ఉన్నారు. కరటకశాస్త్రి నాటకాల్లో విదూషకుడి వేషం కట్టే మనిషి. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మకుండా ఆపడానికి శిష్యుడికి ఆడపిల్ల వేషం వేయిస్తాడు. మధురవాణి చివర్లో మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. గిరీశం ఎవరో, ఏమిటో ఆ పెద్దమనిషికి తెలిసేది ఆమె వల్లే. లుబ్ధావధాన్లు విషయంలో జరిగింది మోసమే, ఒప్పుకుంటాను. గురజాడ కూడా దాన్ని దాచలేదు, ఆ మోసం ఖూనీ కేసు దాకా ఎలా పోయిందో చూపించాడు. అయినా ఆ నాటకం చదివినవాడికి ఒక సంగతి ఇంకెప్పటికీ మరుపు రాదు: కపటం బట్టల్లో లేదు, వేషంలో లేదు. ఎవరి దగ్గర ఏమి దాచి, ఎవరికి ఏ నష్టం చేశామన్నదానిలో ఉంది. నూరేళ్ళ కిందటే గురజాడ ఇంత స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా గిరీశాల్ని ‘నటులు’ అంటున్నాం.

నాటకం మనిషిని అబద్ధానికి అలవాటు చేస్తుందనేవాళ్ళు గాంధీ ఆత్మకథ మొదటి భాగం చదవాలి. చిన్నతనంలో ఒక నాటక కంపెనీ ఆడిన హరిశ్చంద్ర చూశాడాయన. మనసులో దాన్ని లెక్కలేనన్నిసార్లు ఆడుకున్నానని, అందరూ హరిశ్చంద్రుడిలా సత్యవంతులు ఎందుకు కాకూడదని తనను తాను అడుగుతూ ఉండేవాణ్ణని రాసుకున్నాడు. హరిశ్చంద్రుడు చరిత్రలో ఉన్నవాడు కాకపోవచ్చని పెద్దయ్యాక తనకు తోచిందనీ, అయినా తన వరకు అతడు బతికున్న సత్యమేననీ కూడా అన్నాడు. సత్యం కోసం జీవితమంతా ఇచ్చినవాడికి ఆ సత్యం మొదట పరిచయమైంది నాటకంలో.

పాలకులకు ఈ సంగతి బాగా తెలుసు. 1876లో బ్రిటిషు ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. వేల్స్ యువరాజు కలకత్తా వచ్చినప్పుడు ఆయనకు ఇంట్లో మర్యాదలు చేసిన ఒక వకీలును ఎగతాళి చేస్తూ బెంగాలీ నాటకం ఆడటంతో నాటక కంపెనీల నోరు మూయించడానికి పుట్టిన చట్టం అది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా డెబ్భై ఏళ్ళు చట్టాల పుస్తకంలో ఉండి, 2018లో రద్దయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. విసునూరు దేశముఖు మీద కోర్టుకెక్కి గెలిచి, ఆ తర్వాత హత్యకు గురైన కామారెడ్డిగూడెం బందగీ కథ దానికి మూలం. మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నాటకం అబద్ధమే అయితే దాన్ని నిషేధించే పని ప్రభుత్వాలకు ఎందుకు పడింది? అబద్ధానికి ఏ ప్రభుత్వమూ భయపడదు. పచ్చి నిజాన్ని వేలమంది ముందు ఆడి చూపితే భయపడుతుంది.

ఇక రెండో అన్యాయం. నాకు అన్నింటికన్నా కడుపు మండేది దీని గురించే. ‘నాటకాలాడుతోంది’ అన్న మాట మన చుట్టూ ఎక్కువగా పడేది ఎవరి మీద? ప్రసూతి వార్డులో నొప్పులు పడుతున్న మనిషి గట్టిగా అరిస్తే ‘ఏం యాక్షన్ చేస్తున్నావ్’ అంటారు. అరవకుండా పళ్ళ బిగువున ఓర్చుకుంటే ‘ఇంకా టైముంది, నొప్పులు రాలేదు’ అని పక్కకు పెడతారు. మొగుడు కొట్టాడని పోలీస్ స్టేషన్‌కు వచ్చిన ఇల్లాలు ఏడిస్తే ‘డ్రామాలు’. ఏడవకుండా జరిగింది జరిగినట్టు చెబితే ‘దెబ్బలు తిన్న మనిషిలా ఉందా?’ అని పక్కవాడితో అనడం. కడుపునొప్పి అని బెంచీ మీద తల వాల్చిన ఆడపిల్లకు క్లాసులో అందరి ముందూ పడే మాట ‘నాటకాలు’. ఆ పిల్ల నెల నెలా అదే నొప్పి పడుతోందని, అది చెప్పుకోలేక బల్ల కింద కాళ్ళు ముడుచుకుని కూర్చుందని అన్న మనిషికి తట్టదు.

ప్రజావాణి రోజున కలెక్టరేట్ ముందు పురుగుమందు డబ్బాతో నిలబడిన రైతు గురించి లోపలి గదిలో ఏమంటారో తెలుసా? ‘అటెన్షన్ కోసం డ్రామా.’ పాసుపుస్తకంలో తన సర్వే నంబరు పక్కన ఇంకొకరి పేరు ఎలా వచ్చిందని తిరిగి తిరిగి, ఇరవై కాగితాలు ఇచ్చి, ఇరవైసార్లు ‘మళ్ళీ రా’ అనిపించుకున్న తర్వాత ఆ డబ్బా పట్టుకున్నాడతను. అందరూ చూడాలనే పట్టుకున్నాడు, నిజమే. ఎవరూ చూడలేదు కాబట్టే పట్టుకున్నాడు. చూడమని అడగడం అబద్ధం ఎలా అవుతుంది? డ్రామా అన్న ఒక్క మాటతో ఆ సర్వే నంబరు తెరిచి చూసే పని తప్పిపోయింది.

చావు ఇంట్లో చూడండి. పల్లెల్లో ఆడవాళ్ళు పోయినవాళ్ళ గురించి రాగం తీసి, వరసలు పెట్టి ఏడుస్తారు. ఏ పొలం దున్నాడో, ఏ పండక్కి ఏమి తెచ్చాడో, ఎవరికి ఏమి బాకీ పడ్డాడో అన్నీ ఆ ఏడుపులో వస్తాయి. కొత్తగా వచ్చిన మనిషిని చూసి, ఆ మనిషికీ పోయినవాడికీ ఉన్న బంధం ఎత్తుకుని ఏడుపు మళ్ళీ మొదలవుతుంది. పట్నం నుంచి వచ్చినవాళ్ళు పక్కకు వెళ్ళి ‘అంత వరస కట్టి ఏడిచేది నిజమైన ఏడుపేనా?’ అని గుసగుసలాడతారు. వరస ఉన్నంత మాత్రాన దుఃఖం అబద్ధమైపోదు. ఆ వరస ఆమె తల్లి దగ్గర, అత్త దగ్గర నేర్చుకున్నది. మాటల్లో పెట్టుకోలేని బాధను మోయడానికి ఊరు ఆమెకు ఇచ్చిన దారి అది. మౌనంగా కళ్ళు తుడుచుకోవడం కూడా ఎక్కడో నేర్చుకున్నదే. ఒకటి నిజం, ఇంకొకటి నటన అని తేల్చే అధికారం మనకు ఎవరిచ్చారు?

గమనిస్తే ఇలాంటి చోట్ల ఈ మాట ఎప్పుడూ పై నుంచి కిందికే పడుతుంది. అధికారి అర్జీదారుణ్ణి అంటాడు. మొగుడు పెళ్ళాన్ని అంటాడు. టీచరు విద్యార్థిని అంటాడు. యజమాని పనిమనిషిని అంటాడు. అన్న తర్వాత వినాల్సిన పని ఉండదు. గాయం చూడక్కర్లేదు, కాగితం చదవక్కర్లేదు, సాక్షిని అడగక్కర్లేదు. ‘నువ్వు చెప్పేది అబద్ధం’ అన్నా అంతకన్నా నయం, ఎందుకంటే అప్పుడు ఏది అబద్ధమో చెప్పాల్సి వస్తుంది. ‘నాటకాలాడకు’ అంటే మాట్లాడుకోవడానికి విషయమే లేదని తేల్చేయడం.

మూడో అన్యాయం దీనికి తిరగబడ్డ రూపం. బలహీనుడి బాధను కొట్టిపారేసే ఈ మాటే బలవంతుడి అబద్ధాన్ని కాపాడుతుంది. నాయకుడు ఎన్నికల ముందు తేదీ చెప్పి, మొత్తం చెప్పి హామీ ఇస్తాడు. గెలిచాక ఆ ఊసెత్తడు. అప్పుడు మనం అనేది ‘అదంతా ఎలక్షన్ డ్రామా’. ఆ మాట అనగానే మనలో కోపం సగం చల్లారుతుంది. నాటకం అన్నాక మన పని ప్రేక్షకుడి పని. ఎంత బాగా చేశాడు, ఎక్కడ కన్నీళ్ళు పెట్టించాడు, సభను ఎలా రక్తి కట్టించాడు అని టీవీలో గంటసేపు విశ్లేషిస్తారు. ఇచ్చిన మాట ఏమిటి, చేసింది ఎంత, మిగిలింది ఎంత అని లెక్క అడిగేవాడు ఉండడు. హామీకి లెక్క ఉంటుంది, నాటకానికి సమీక్ష ఉంటుంది. లెక్క అడగాల్సిన చోట సమీక్ష రాసేలా చేసే మాట ఏ నాయకుడికైనా వరమే. పార్టీలు మారినవాళ్ళకు, శంకుస్థాపన చేసి మళ్ళీ అటు చూడనివాళ్ళకు, బాధితుల ఇంటికి కెమెరాతో వెళ్ళి మరునాడు పేరు మరిచినవాళ్ళకు మనం నటులన్న పేరు ఇస్తే వాళ్ళు బాధపడరు. ‘మాట తప్పాడు, అబద్ధమాడాడు’ అంటే మాత్రం పరువునష్టం దావా వేస్తామంటారు. ఏ మాటకు వాళ్ళు భయపడుతున్నారో చూస్తే, ఏ మాట వాడాలో మనకే తెలుస్తుంది.

వాడుక మాట కదా, అర్థం ఎప్పుడో మారిపోయింది, ఎవరూ నటులను ఉద్దేశించి అనడం లేదు, దీనికి ఇంత గొడవెందుకు అంటారు. భాషలో అర్థాలు మారతాయి, నిజమే. మారినదాన్ని మళ్ళీ మార్చేది కూడా మాట్లాడేవాళ్ళే. వికలాంగుల మీద, కులాల మీద నిన్నటిదాకా సామెతలుగా చలామణి అయినవి ఇవాళ పత్రికలు అచ్చు వేయవు, సభల్లో నలుగురూ నోటికి తెచ్చుకోరు. అవి కూడా వాడుక మాటలే. ఎవరినీ ఉద్దేశించి అనలేదనే అప్పుడూ చెప్పారు. దెబ్బ తగిలేది అన్నవాడి ఉద్దేశానికి కాదు, విన్నవాడి బతుక్కి. తండ్రితో కలిసి ఊరూరా వేషం కట్టే పిల్లవాడు బడిలో ‘పగటివేషగాడా’ అన్న పిలుపు విని తలదించుకుంటే, ఆ విద్య వాడితోనే ఆగిపోతుంది. మన జానపద కళలు అంతరించిపోతున్నాయని సదస్సులు పెట్టి కంటతడి పెట్టేవాళ్ళం, వాటి పేర్లను తిట్లుగా వాడటం మానడమైనా చేయలేమా?

తెలుగుకు మాటల కరువు లేదు. మనసులో ఒకటి, మాటలో ఒకటి ఉన్నవాణ్ణి కపటి అనొచ్చు. దొంగ జపం, కొంగ జపం ఉన్నాయి. మొసలి కన్నీరు ఉంది. గోముఖ వ్యాఘ్రం, మేకవన్నె పులి, పయోముఖ విషకుంభం ఉన్నాయి. ‘నోట్లో చక్కెర, కడుపులో కత్తెర’ అని అమ్మమ్మలు చెప్పిన సామెత ఉంది. పైన పటారం, లోన లొటారం ఉంది. వీటన్నింటికన్నా సూటిగా అబద్ధం, మోసం, బూటకం, మాట తప్పడం అన్న మాటలు ఉన్నాయి. ఇన్ని ఉండగా, రాత్రంతా గొంతు చించుకుని హరిశ్చంద్రుడి సత్యం పాడి, తెల్లారి అర్దళం కడుక్కుని బస్సెక్కే మనిషి బతుకుతెరువును తెచ్చి మోసగాడికి బిరుదుగా ఇవ్వాల్సిన అవసరం ఏముంది?

పత్రికల సంపాదకులకు, టీవీ వార్తలు రాసేవాళ్ళకు నా విన్నపం ఇది. ‘హైడ్రామా’, ‘పొలిటికల్ డ్రామా’ అన్న శీర్షికలు మానండి. జరిగింది ఏమిటో, ఎవరు ఏ మాట తప్పారో శీర్షికలో రాయండి. ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతున్నాం. ఆ రోజు దండలు వేసే నాయకులు మరునాడు ఎదుటి పక్షాన్ని ‘నాటకాలాడుతున్నారు’ అనకుండా ఉంటే కందుకూరికి అంతకు మించిన గౌరవం లేదు. టీచర్లు, డాక్టర్లు, నర్సులు, పోలీసులు, అధికారులు ఈ మాటను పని చేసే చోట నోటికి రానివ్వకూడదు. ఎదుటి మనిషి చెప్పేది అబద్ధమని అనుమానం వస్తే అడగండి, పరీక్ష చేయండి, విచారించండి, తేల్చండి.

ఎందుకంటే ఎవరినైనా అబద్ధమాడారని అన్నవాడు రుజువు చూపాలి. నాటకమాడుతున్నారని అన్నవాడు ఏమీ చూపనక్కర్లేదు. ఆ మాట మన నాలుక మీదికి అంత సులువుగా రావడానికి కారణం అదే. దాన్ని వదిలిపెట్టాల్సిన కారణం కూడా అదే.